కవర్ అవుతుందన్నారు, ఎంతో చెప్పలేదు

బంగారూ,

మోకాలికి ఫిజికల్ థెరపీ వారానికి రెండుసార్లు, ఆరు వారాలు అని డాక్టర్ రాసిచ్చారన్నావు. అంటే పన్నెండు విజిట్లు. క్లినిక్‌లో "మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం, కవర్ అవుతుంది" అన్నారని నిశ్చింతగా ఉన్నట్టున్నావు. ఆ మాటను నమ్ముకుని అపాయింట్‌మెంట్ పెట్టుకోకు. అమెరికాలో కవర్ అవుతుందంటే ఇన్సూరెన్స్ వాళ్లే కడతారని కాదు, ఆ ఖర్చు నీ ప్లాన్ లెక్కలోకి వస్తుందని. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు ఏడాదిలో నువ్వు పెట్టుకోవాల్సిన మొత్తం, తీరేదాకా కట్టేది చాలా ప్లాన్లలో నువ్వే.

ఊరికే ఒక లెక్క వేసి చూడు. డిడక్టిబుల్ 1,500 డాలర్లు, అందులో ఇప్పటికి 400 అయిందనుకో. ఇంకా 1,100 ఉంది. క్లినిక్‌కీ ఇన్సూరెన్స్‌కీ కుదిరిన రేటు విజిట్‌కి 110 అయితే మొదటి పది విజిట్లూ పూర్తిగా నీ జేబులోంచే. మిగతా రెండింటికి 20 శాతం కోఇన్సూరెన్స్ (డిడక్టిబుల్ తీరాక కూడా నీ మీద పడే వాటా), అంటే 44. మొత్తం 1,144. అదే క్లినిక్ ఇన్సూరెన్స్ వాడకుండా చేతి డబ్బు కట్టేవాళ్ల దగ్గర 85 తీసుకుంటుంటే 1,020తో తేలిపోతుంది! కానీ అలా కట్టింది డిడక్టిబుల్‌లో జమ కాదు. ఈ ఏడాదే ఎమ్మారై, ఆపరేషన్ లాంటివి ఉండేట్టుంటే ఇన్సూరెన్స్ మీదే వెళ్లు. అవేవీ లేకపోతే, పైగా ఏడాది చివరికొస్తే, చేతి డబ్బే నయం కావచ్చు. చాలా ప్లాన్లకు జనవరిలో లెక్క మళ్లీ సున్నా నుంచే. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే నీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందమున్న క్లినిక్, ఆ ఒప్పందం అడ్డొస్తుందని చేతి డబ్బు రేటు ఇవ్వకపోవచ్చు, ముందే అడుగు. కోపే (విజిట్‌కి ఇంతని కట్టే స్థిరమైన మొత్తం) ఉన్న ప్లానైతే థెరపీకి స్పెషలిస్టు కోపే పడుతుందేమో చూడు. విజిట్‌కి 50 అంటే చిన్నగానే కనిపిస్తుంది, పన్నెండుసార్లకు 600.

కార్డు వెనక ఉన్న నంబర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. "థెరపీ కవర్ అవుతుందా" అని అడిగితే అవుననే అంటారు. సీపీటీ కోడ్లు, అంటే ఒక్కో చికిత్సకు బిల్లులో వేసే నంబర్లు, చెప్పి అడుగు. మొదటి రోజు పరీక్షకు 97161 నుంచి 97163 వరకు ఏదో ఒకటి, వ్యాయామానికి 97110, చేత్తో చేసే థెరపీకి 97140, పనుల ద్వారా చేయించేదానికి 97530. క్లినిక్‌ను గుర్తించే ఎన్‌పీఐ నంబర్ కూడా ఇచ్చి, అక్కడ నువ్వు కట్టాల్సింది ఎంతో చెప్పమను. ఏడాదికి ఎన్ని విజిట్లు, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోడానికి ఇచ్చేది) కూడా అదే కోటాలోకి వస్తుందా, ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి) కావాలా అన్నవి వదలొద్దు. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకో. అలా రాసుకోకపోతే రేపు "మేమలా చెప్పలేదు" అన్నప్పుడు నీ చేతిలో ఏమీ ఉండదు.

ఆథరైజేషన్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పన్నెండు అడిగితే ఆరు ఇవ్వచ్చు, దానికి గడువు తేదీ కూడా ఉంటుంది. ఏడో విజిట్‌కి వెళ్లేలోపు పొడిగింపు వచ్చిందో లేదో క్లినిక్ రిసెప్షన్ దగ్గర ఖాయం చేసుకో. డాక్టర్ చీటీ లేకుండా థెరపిస్టును కలిసే వీలు 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. అయినా ఇన్సూరెన్స్ చీటీ అడగొచ్చు. నీకు ఎలాగూ ఉంది, కాపీ దగ్గర పెట్టుకో.

బిల్లు ఎలా పెరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఈ కోడ్లలో చాలావాటికి పావుగంట ఒక యూనిట్. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకుండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) లెక్కలో 8 నుంచి 22 నిమిషాలు ఒకటి, 23 నుంచి 37 రెండు, 38 నుంచి 52 మూడు. ప్రైవేటు కంపెనీల్లోనూ కొన్ని ఇదే పాటిస్తాయి, కొన్నింటి లెక్క కాస్త తేడా. థెరపిస్టు నీ దగ్గర అరగంట ఉండి, మిగతా అరగంట నువ్వు ఒక్కదానివే సైకిల్ తొక్కితే బిల్లులో నాలుగు యూనిట్లు ఎందుకున్నాయని అడిగే హక్కు నీకుంది. ప్రతిసారీ వెళ్లిన టైమూ, థెరపిస్టు నీతో ఉన్న టైమూ ఫోన్‌లో రాసుకో. అలాగే అది విడి క్లినిక్కా, హాస్పిటల్ ఔట్‌పేషెంట్ విభాగమా కనుక్కో. హాస్పిటల్‌దైతే అదే వ్యాయామానికి రేటు బాగా ఎక్కువ ఉండొచ్చు.

ఇక ఉద్యోగం మారుతున్నావు కదా, మధ్యలో ఇన్సూరెన్స్ లేని వారాలొస్తాయి. పాత కంపెనీలో 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులుంటే కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే కొన్నాళ్లు కొనసాగించుకునే వీలు) తీసుకోడానికి 60 రోజులు టైముంటుంది. తీసుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే లెక్క. ఆ నెలల ప్రీమియం మొత్తం కట్టాలి, కంపెనీ వాటా కూడా నీ మీదే పడుతుంది. అందుకే ఆ 60 రోజుల్లో పెద్ద ఖర్చేమీ రాకపోతే తీసుకోకుండా ఊరుకోవచ్చు. గడువు తేదీ మాత్రం మరిచిపోకు. కొత్త కంపెనీ ప్లాన్‌లో డిడక్టిబుల్ మొదటి నుంచీ మొదలవుతుందని కూడా గుర్తుపెట్టుకో. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు నీదే, థెరపీకి వాడుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌ఏ (అలాంటిదే, కంపెనీ ద్వారా నడిచే ఖాతా) మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది, ఉంటే ముందే ఖర్చుపెట్టు.

ఇన్సూరెన్స్ లేకుండా, లేదా దాన్ని వాడకుండా వెళ్తే గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్, అంటే ఖర్చు ఎంతవుతుందో ముందే రాసిచ్చే అంచనా, అడుగు. 2022 జనవరి నుంచి అది నీ హక్కు. కనీసం మూడు పనిదినాల ముందు అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే మర్నాటి పనిదినానికల్లా రాతపూర్వకంగా ఇవ్వాలి. బిల్లు దానికన్నా 400 డాలర్లు లేదా అంతకు మించి ఎక్కువొస్తే, బిల్లొచ్చిన 120 రోజుల్లోపు వివాదం వెయ్యొచ్చు. ఇక్కడో మెలిక ఉంది. ఎస్టిమేట్ ఒక్క విజిట్‌కే రాయించుకుంటే మిగతా పదకొండింటికి నీ చేతిలో కాగితం ఉండదు. మొత్తం పన్నెండింటికీ, ఒక్కోదానికి ఎన్ని యూనిట్లో సహా, రాయించుకో.

డబ్బు బొత్తిగా సర్దుబాటు కాకపోతే లాభాపేక్ష లేని హాస్పిటళ్లకు ఆర్థిక సాయం పాలసీ తప్పనిసరిగా ఉంటుంది. మొదటి బిల్లొచ్చాక 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకుంటారు. ఫిజికల్ థెరపీ కోర్సున్న యూనివర్సిటీల్లో కొన్ని, విద్యార్థులతో ఉచితంగా చూపించే క్లినిక్‌లు నడుపుతాయి. మొహమాటపడకు. మొదటి రోజే థెరపిస్టుకు "నేను ఆరుసార్లే రాగలను" అని చెప్పేస్తే ఇంటి వ్యాయామాలకు ప్రాధాన్యమిచ్చి, మొదట వారానికోసారి, తరవాత రెండు వారాలకోసారి అని సర్దుతారు. చెప్పకుండా మానేస్తే నో-షో ఫీజు పడుతుంది, అది ఇన్సూరెన్స్ కట్టదు.

ఒకవేళ క్లెయిమ్ కొట్టేస్తే, వచ్చిన ఈఓబీలో (ఇన్సూరెన్స్ ఎంత కట్టిందో, నీ వంతు ఎంతో చెప్పే కాగితం) కారణం చదువు. కోడ్ తప్పు, ఆథరైజేషన్ నంబర్ లేకపోవడం లాంటివైతే క్లినిక్ సరిచేసి మళ్లీ పంపితే చాలు. "వైద్యపరంగా అవసరం లేదు" అన్నారంటే అప్పీలు చెయ్యాలి, గడువు 180 రోజులు. థెరపిస్టు నోట్స్‌లో "నొప్పి తగ్గింది" అని మాత్రమే ఉంటే అప్పీలు నిలబడడం కష్టం. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, మెట్లెన్ని ఎక్కగలుగుతున్నావు, మొదటి రోజుకీ ఇప్పటికీ తేడా ఎంత అన్నవి అంకెల్లో ఉండాలి. ఆ నోట్స్ కాపీలు అడిగి తీసుకో.

మొదటి విజిట్ ఈఓబీ వచ్చేదాకా క్లినిక్ బిల్లు కట్టకు. అక్కడికక్కడే తీసుకునే కోపే సంగతి వేరు. రెండూ వచ్చాక పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నాన్న