ధనుష్కోటి స్టేషన్ గోడలకు సిమెంటు పూయించకండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రామేశ్వరం దాటాక ధనుష్కోటి ఇసుకలో మిగిలిన పాత రైల్వే స్టేషన్ గోడల గురించి ఈ లేఖ. మేము అడిగేది ఒక్కటే: వాటిని సిమెంటుతో బాగుచేయించకండి, సున్నంతో నిలబెట్టించండి. 2017లో ధనుష్కోటి చివరి కొస అయిన అరిచల్‌మునై దాకా రోడ్డు పడ్డాక అక్కడికి జనం రాక పెరిగింది. 2019లో రామేశ్వరం నుంచి కొత్త లైనుకు శంకుస్థాపన కూడా జరిగింది. లైను రావాలా వద్దా అన్నది వేరే చర్చ. సుందరీకరణ పేరుతో ఏ పని మొదలైనా ముందు దిగేది సిమెంటు బస్తాలే కాబట్టి ఇప్పుడే రాస్తున్నాం.

1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు నుంచి కొలంబో వెళ్లే దారి ఈ స్టేషన్ మీదుగానే సాగింది. బోట్ మెయిల్ అనే రైల్లో వచ్చి, రేవులో స్టీమరెక్కి, శ్రీలంక ఒడ్డున తలైమన్నార్‌లో దిగి మళ్లీ రైలెక్కేవారు. అప్పట్లో పాంబన్ నుంచి అసలు లైను ధనుష్కోటికే, రామేశ్వరానిది పక్క లైను. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్‌లో బయలుదేరిన 653 నంబరు పాసింజరు, స్టేషన్ ఇంకాస్త దూరంలో ఉందనగా ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులో వంద మందికి పైగా ఉన్నారు. దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజినీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో నిలబెట్టారు. ధనుష్కోటి లైను మాత్రం మళ్లీ లేవలేదు. అందుకే ఈ గోడలు మాకు వట్టి ఇటుకలు కావు.

ఇప్పుడు వాటిని తింటున్నది అలలు కాదు, ఉప్పు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఇటుక రంధ్రాల్లో చేరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్లీ పలుకులు కడుతుంది. పలుకు కట్టిన ప్రతిసారీ లోపలి నుంచి ఇటుకను నెడుతుంది. ఇటుకల మధ్య సందుల్లోని పాత సున్నపు గచ్చు మెత్తనిది, తేమ దాని గుండా బయటికి పోతుంది, ఉప్పు గచ్చులోనే పలుకు కడుతుంది. పాడైన గచ్చును మళ్లీ నింపుకోవచ్చు. అదే సందుల్లో సిమెంటు నింపితే తేమకు ఆ దారి మూసుకుపోయి ఇటుకలోంచే పోతుంది. కొన్నేళ్లలో ఇటుక పొడై రాలిపోయి, సిమెంటు గీతలు మాత్రం జల్లెడలా మిగులుతాయి. సముద్రం ఒడ్డున ఇలా పాడైన కోటగోడలు ఎన్ని లేవు!

పని ఎలా జరగాలంటే, ముందు ప్రతి గోడనూ కొలిచి బొమ్మ గీయాలి, ఫొటోలు తీయాలి. ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఉప్పు తీయడానికి కాగితపు గుజ్జును మంచినీళ్లతో కలిపి 15 నుంచి 20 మిల్లీమీటర్ల మందాన పట్టీ వేసి, ఆరాక ఊడదీయాలి. రెండు మూడు సార్లు చేస్తే గానీ ఫలితం కనపడదు. వదులైన సందులను కనీసం 25 మిల్లీమీటర్ల లోతు చేత్తోనే గీకాలి, గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. నింపడానికి బాగా నానిన సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు గానుగలో నూరించాలి. ఆ గానుగ సున్నం తెలిసిన మేస్త్రీలు తమిళనాడులో, మన దగ్గరా ఇంకా ఉన్నారు.

ఎక్కువగా తప్పు జరిగేది ఇసుక దగ్గర, నీళ్ల దగ్గర. చుట్టూ ఇసుకే కదా అని కాంట్రాక్టరు అదే వాడితే ఉప్పు తీసిన గోడకు మళ్లీ ఉప్పు పెట్టినట్టే. ఏటి ఇసుకే తేవాలి. దాన్ని కడిగిన నీళ్లలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి చూడాలి, పాలలా తెల్లబడితే ఆ లోడు వెనక్కి పంపాలి. ధనుష్కోటిలో చెలమ తవ్వితే తీపి నీళ్లు పడతాయి గానీ, అవి అక్కడి జాలర్ల కుటుంబాలు తాగే నీళ్లు, ఎక్కువ తోడితే ఉప్పు తేలుతుంది. పనికి నీళ్లు ట్యాంకరులో రావాలి. సున్నం నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి రెండు మూడు వారాలు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, తుపాన్లు. అనువైన కాలం జనవరి, ఫిబ్రవరి, మార్చి.

గోడల్లో ఇనుము ఎక్కడ కనిపించినా వదలొద్దు. తుప్పు పట్టిన ఇనుము కొన్ని రెట్లు ఉబ్బి గోడను చీలుస్తుంది. దాన్ని తీసి, ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలి. గోడల నెత్తిన వాలుగా సున్నపు కప్పు వేస్తే వాన లోపలికి దిగదు. పడిపోయిన భాగాలను కొత్తగా కట్టొద్దు, రంగులూ వద్దు.

చివరిగా, అక్కడొక పలక పెట్టించండి. ఇప్పుడు వచ్చేవారు వింటున్నది తుపాను కథ ఒక్కటే, స్టీమరు రోజుల మాట ఎవరూ చెప్పడం లేదు. సేతు స్నానానికి, గంగలో కలిపే ఇసుకకు తెలుగు యాత్రికులు తరతరాలుగా వస్తున్నారు కాబట్టి తమిళం, హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ రాయించండి. 653లో డ్యూటీలో ఉండి పోయిన సిబ్బంది పేర్లు మీ శాఖ దస్త్రాల్లో వెతికించి, ఆ పలక మీద చెక్కించండి.

ఇట్లు,
సున్నపు కట్టడాల మరమ్మతు పని తెలిసిన కొందరం