పాడని సీడీల గురించి మా షాపు కస్టమర్లకి

విశాఖ డాబాగార్డెన్స్‌లో మా షాపుకి వచ్చే పాత సీడీల అభిమానులందరికీ నమస్కారం.

ఈ మధ్య కొందరు కొన్న సీడీలు వెనక్కి తెచ్చారు. డిస్క్ మీద ఒక్క గీత లేదు. కారులో పెడితే తిరుగుతుంది, కాసేపటికి "నో డిస్క్" అంటుంది. ఒకాయన కౌంటర్ మీద పెట్టి, "డబ్బులెట్టి కొన్నాను కదా మాస్టారూ, నన్నే దొంగలా చూస్తే ఎలా?" అన్నారు. ఆయన కోపం న్యాయమైనది. అందుకే షాపులో కొన్ని పద్ధతులు మారుస్తున్నాను.

ఇవన్నీ ఒక బాపతు డిస్కులు. సుమారు 2001 నుంచి 2006 వరకు కొన్ని పెద్ద కంపెనీలు కాపీ కాకుండా తాళం వేసి అమ్మినవి. మర్చంట్ నేవీలో చేసినవాళ్లు అప్పట్లో దేశదేశాల్లో కొన్న సీడీలు ఇప్పుడు ఇళ్లు సర్దుకుంటూ మాకు అమ్ముతుంటారు, వాటిలోనే ఇవి ఎక్కువ. తెలుగు సినిమా పాటల్లో, కర్ణాటక సంగీతంలో ఈ గొడవ నాకు ఇంతవరకు తగల్లేదు.

తాళం ఎలా వేశారో తెలిస్తే మీ స్టీరియోని తిట్టుకోరు. కొన్నిటిలో పాటల తర్వాత ఇంకో సెషన్ (డిస్క్ మీద విడి భాగం) రాసి, అందులో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికని తప్పుగా పెట్టారు. మామూలు ఆడియో ప్లేయర్ మొదటి సెషన్ మాత్రమే చదువుకుని హాయిగా పాడుతుంది. కంప్యూటర్ డ్రైవ్ చివరి పట్టిక దాకా వెళ్లి తికమకపడుతుంది. ఎంపీత్రీలు కూడా పాడే కారు స్టీరియోలు, డీవీడీ ప్లేయర్లు చాలావాటిలో ఉన్నది కంప్యూటర్ తరహా డ్రైవే కాబట్టి అవీ తికమకపడతాయి. ఇంతాచేసి, ఇలాంటి ఒక రకం తాళం డిస్క్ అంచున మార్కర్ పెన్నుతో గీత గీస్తే ఊడిపోతుందని 2002లోనే జనం కనిపెట్టారు. కాపీ కొట్టదలచినవాడికి ఆ తాళం అడ్డం కాలేదు. కారులో పాట వినాలనుకున్నవాడికే అయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకో పద్ధతి. సీడీ మీద పాటతోపాటు దిద్దుబాటు కోసం అదనపు సమాచారం కూడా ఉంటుంది. గీత పడి కొంత పోయినా ప్లేయర్ దాని సాయంతో లెక్కకట్టి పూరించుకుంటుంది. కొన్ని తాళాలు కావాలనే తప్పులు రాసి ఆ శక్తిని ముందే వాడేశాయి. ఇక నిజంగా గీత పడిననాడు ఆదుకునేది తక్కువ. మన ఊరి చెమ్మకి ప్లేయర్ లెన్స్ మసకబారడం మామూలే. అలాంటి లెన్స్ కింద మామూలు సీడీ నెట్టుకొస్తుంది, ఇది ఆగిపోతుంది. పాత సరుకు అమ్మేవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు రోజూ కనపడుతుంది.

ఇక సోనీ బీఎంజీ అనే మ్యూజిక్ కంపెనీ వాళ్లు వేసిన ఎక్స్‌సీపీ అనే తాళం సంగతి వేరు. విండోస్ కంప్యూటర్లో పెడితే అది తనను తాను దాచుకునే ప్రోగ్రాం ఎక్కించేది. 2005 అక్టోబర్ 31న మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు దాన్ని బయటపెట్టారు. ఆ ప్రోగ్రాంని మనమే తీసేస్తే కంప్యూటర్‌కి సీడీ డ్రైవే కనపడకుండా పోయేది. తర్వాతి నెలలోనే కంపెనీ ఆ డిస్కుల్ని వెనక్కి పిలిపించింది, మొత్తం 52 ఆల్బమ్‌లు. అవి నేను కొనను, అమ్మను. మీ ఇంట్లో ఉంటే మామూలు సీడీ ప్లేయర్లో వినండి, కంప్యూటర్లో మాత్రం పెట్టకండి.

ఇకమీదట ఆ కాలపు విదేశీ సీడీ ప్రతిదీ మామూలు సీడీ ప్లేయర్లో, డీవీడీ ప్లేయర్లో, షాపులో బిగించిన కారు స్టీరియోలో పెట్టి చూశాకే ర్యాక్‌లోకి వెళుతుంది. దేంట్లో పాడిందో, దేంట్లో మొరాయించిందో కవర్ మీద చీటీ ఉంటుంది. ఇప్పటికే కొన్నవి పాడకపోతే తీసుకురండి. బిల్లు లేకపోయినా పర్వాలేదు, ఎప్పుడు కొన్నా పర్వాలేదు. "బదులు ఇంకోటి తీసుకోండి" అనను, డబ్బులే ఇస్తాను.

దీనివల్ల అమ్మడానికి తెచ్చేవాళ్లకి నష్టమే. తాళం ఉన్న డిస్క్‌కి ఇదివరకటి రేటు ఇవ్వలేను. వెనక అట్ట మీద "కాపీ కంట్రోల్" అని ఉందేమో చూసుకుని రండి, బేరంలో మాటా మాటా రాదు.

పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టమని చాలామంది అడుగుతున్నారు. సొంత డిస్క్ సొంత ఫోన్లో వినాలనుకోవడం నా దృష్టిలో తప్పు కాదు. సొంత వాడకానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొంత వీలిస్తుంది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే మాత్రం, 2012లో చేర్చిన 65ఎ ప్రకారం రెండేళ్ల వరకు జైలు. డబ్బు తీసుకుని ఇంకొకరికి కాపీలు తీసిపెట్టే పని నేను చేయను, దయచేసి బలవంతపెట్టకండి.

సాయంత్రం పూట మా సందులో కారు పెట్టుకోవడం కష్టం కాబట్టి ఉదయం పదకొండు లోపు రండి. కావలసిన సీడీ మీ కారు స్టీరియోలోనే పెట్టి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా తిప్పి చూసుకోండి. పాడితేనే డబ్బులివ్వండి.