వార్షిక నివేదిక: సభ్యులకు కార్యదర్శి మనవి

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందు చెప్పుకోవలసింది జనవరి 24న, అంటే 1757లో బొబ్బిలి యుద్ధం జరిగిన తేదీన, మనం పెట్టిన ప్రదర్శన. పొలాల్లో దొరికిన పాత తుపాకీ గుండ్లు బల్లమీద పోసి వదిలెయ్యకుండా ఒక్కోదాని పక్కన బరువు, అడ్డుకొలత, దొరికిన చోటు రాసిన చీటీ ఉంచాం. బడిపిల్లలు వెర్నియర్‌తో స్వయంగా కొలిచి చూసుకున్నారు. సీసపు గుండు 17.5 మిల్లీమీటర్లుంటే సుమారు 32 గ్రాములు తూగుతుంది, అది ఇంగ్లీషువాళ్ల బ్రౌన్ బెస్ తుపాకీకి సరిపడే సైజు. 16 మిల్లీమీటర్లయితే 24 గ్రాములు, ఫ్రెంచివాళ్ల తుపాకీలకు దగ్గర. దెబ్బతగిలి చపటా అయిన గుండుకి తూకమే ఆధారం. అంతమాత్రాన 24 గ్రాములు తూగిన ప్రతిదాన్నీ బొబ్బిలి మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానిదని రాసెయ్యకండి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కుంపటి ఉన్న ఏ ఊళ్లోనైనా పోతపోసి ఉండొచ్చు. మధ్యలో బెజ్జం ఉంటే అది వలకి కట్టే గుండు కావొచ్చు.

తక్కెడ ఇచ్చిన కంసాలిగారికి, హాలు ఇచ్చిన హెడ్మాస్టరుగారికి, దుక్కి దున్నాక తమ పొలాల్లో తిరగనిచ్చిన రైతులకు, భోజనాలు చూసిన మహిళా సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కలిగించిన సంగతీ చెప్పాలి. ఈ ఏడాది మనకందిన గుండ్లలో ఒకటి, పోత అతుకు గీత సన్నగా కనిపిస్తూ, ఒకపక్క నొక్కుపడి, చూడ ముచ్చటగా ఉంది. కానీ చింతపండుతో మెరిసేదాకా తోమి తెచ్చారు. సీసం మీద పట్టిన బూడిదరంగు పొరే దానికి కాపుదల. అది పోతే గీతలూ గుర్తులూ అరిగిపోతాయి, లోహం మళ్లీ కొత్తగా తినుకుపోతుంది. ఎక్కడ దొరికిందో కూడా ఎవరూ రాసిపెట్టలేదు. బొబ్బిలిదో, 1794 జులై 10 నాటి పద్మనాభం యుద్ధానిదో ఇక ఎవరూ తేల్చలేరు.

చెక్కపెట్టెల్లో, అట్టపెట్టెల్లో సీసం పెట్టొద్దు. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లపొడి పుడుతుంది, అది విషం. పాలిథిన్ జిప్ కవర్లు వాడండి, గ్లవుజులు వేసుకోండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఇనప వస్తువులకు వానాకాలంలో గోధుమరంగు చెమట పడితే లోపల ఉప్పు ఉన్నట్టే. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే నీలం సిలికా జెల్‌తో ఉంచండి, దాని గింజల నీలం గులాబీరంగుకి తిరగ్గానే జెల్‌ని వేడిచేసి మళ్లీ వాడండి.

చట్టం సంగతి: భూమిలో దొరికిన పాత వస్తువు విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజెయ్యాలి. రక్షిత స్థలాల్లో గునపం, మెటల్ డిటెక్టరు రెండూ వద్దు. పేలని తూటా లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఫిరంగి గుండో బాంబో అనుమానం వస్తే ముట్టుకోకుండా వెనక్కి తగ్గి 112కి ఫోన్ చెయ్యండి.

ఈ విషయాల్లో మార్గదర్శనం కోరుతూ ఒక కార్యాలయానికి మూడుసార్లు రాశాం, రసీదు తప్ప జవాబు లేదు. దొరికిన వస్తువుల రిజిస్టరు రాసే ఆదివారాలకు పేర్లిచ్చిన పదిమందిలో వచ్చింది ఇద్దరే. ఆ ఇద్దరే మొత్తం రాశారు, వారికి సంఘం రుణపడి ఉంది.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. బాకీ చందాలు ఇవాళే కట్టండి.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ రిజిస్టరు తెరుస్తాం. మీ దగ్గరున్నవి తోమకుండా, దొరికిన ఊరు, పొలం, తేదీ చీటీమీద రాసి తీసుకురండి.

కార్యదర్శి