సైలెన్సర్ పన్ను పోయింది, కాగితాలు పోలేదు

సంపాదకుడి గారికి నమస్కారం.

2026 జనవరి 1 నుంచి అమెరికాలో తుపాకీ సైలెన్సర్ (గొట్టం చివర బిగించి పేలుడు శబ్దం తగ్గించే పరికరం) మీద 200 డాలర్ల పన్ను ఎత్తేశారు కాబట్టి ఇక ఎవరైనా షాపుకెళ్లి కొనేసుకోవచ్చని మా టెక్సస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మీ అమెరికా పేజీలో వచ్చిన వార్త కూడా "పన్ను రద్దు" దగ్గరే ఆగిపోయింది. సగం తెలిసిన సంగతి ఇలాంటి విషయంలో మనిషిని జైలు దాకా తీసుకెళ్తుంది, అందుకే ఈ ఉత్తరం.

నేను డాలస్ దగ్గర ఉంటాను, సీజన్‌లో జింకల వేటకీ, మిగతా రోజుల్లో అడవిపందుల వేటకీ వెళ్తాను. నా రైఫిల్‌కి సైలెన్సర్ కొనాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, కొనాలనే నిర్ణయించుకున్నాను. పన్ను పోయిందని కాదు, చెవుల కోసం. వేట రైఫిల్ పేలితే శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన శబ్దం ఒక్కసారి తగిలినా లోపలి చెవి శాశ్వతంగా దెబ్బతినొచ్చని డాక్టర్లు చెబుతారు, అక్కడ చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు. మరి చెవులు మూసే ఇయర్ మఫ్స్ ఉన్నాయిగా అంటారు. షూటింగ్ రేంజ్‌లో అయితే సరే. వేటలో తెల్లవారుజామున చీకట్లో కదలకుండా కూర్చున్నప్పుడు కళ్లకంటే ముందు చెవులే పనిచేస్తాయి, ఎండుటాకు చప్పుడైందా, కొమ్మ విరిగిందా, పంది గురక ఎటు నుంచి వస్తోంది అన్నది వినబడాలి. మామూలు మఫ్స్ పెట్టుకుంటే అవేవీ వినబడవు, అందుకని మెడలోకి దించేసుకుంటాం, తీరా జంతువు కనబడ్డాక మళ్లీ పైకి లాక్కునే టైమ్ ఉండదు, లాక్కుంటే ఆ కదలికకే అది పారిపోతుంది. ఒట్టి చెవులతోనే పేల్చేస్తాం. నాతో వచ్చే పెద్దాయన ఒకరికి కుడివైపు నిలబడి మాట్లాడితేనే వినబడుతుంది, రాత్రంతా ఎడమ చెవిలో గుయ్యిమని ఒకటే హోరు అంటారు. ఎలక్ట్రానిక్ మఫ్స్ కొంత నయం, కానీ ఆగస్టు ఎండలో, చెమటలో, భుజానికి ఆనించే రైఫిల్ బట్‌కి తగులుతూ అవి సరిగ్గా కూర్చోవు.

సినిమాల్లో చూపించినట్టు "తుప్" అని వినబడుతుందనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవాలి. సైలెన్సర్ తగ్గించేది సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్. పైగా తూటా ధ్వని వేగాన్ని దాటి వెళ్తుంది కాబట్టి గాలిని చీల్చే ఆ ఫట్‌మనే మోత దారి పొడవునా ఉంటుంది, దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు. అంటే 165 ఉన్నది 135కో 140కో దిగుతుంది, అదీ చిన్న శబ్దం కాదు. కానీ చెవికి అదే తేడా. తుపాకీ సైలెన్సర్‌కి 1909లో పేటెంట్ తీసుకున్న హైరమ్ పెర్సీ మాక్సిమ్ చేసింది కారు సైలెన్సర్ చేసే పనే, వేడి వాయువులు ఒక్కసారిగా బయటికి రాకుండా అరల్లో తిప్పి చల్లబరిచి వదలడం. దాంతోపాటు పేల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నడం కూడా తగ్గుతుంది, గురి కుదురుతుంది, గాయపడి పారిపోయే జంతువులు తగ్గుతాయి. ఫిన్లాండ్, నార్వేల్లో వేటగాళ్లకి ఇది మామూలు సామాను.

ఇక చట్టం సంగతి. గ్యాంగ్‌స్టర్ల రోజుల్లో, 1934లో వచ్చిన నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్ 200 డాలర్ల పన్ను పెట్టింది, ఇప్పటి లెక్కలో అది నాలుగు వేల డాలర్ల పైమాటే. ఆ అంకె తొంభై ఏళ్లు మారలేదు. 2025 జులై 4న సంతకమైన పెద్ద బడ్జెట్ చట్టం దాన్ని సున్నా చేసింది, అంతే. సైలెన్సర్‌ని ఆ పాత చట్టంలోంచే తీసేయాలని ప్రతినిధుల సభ అనుకున్నా, బడ్జెట్ చట్టాల్లో ఏముండొచ్చో చెప్పే సెనేట్ నియమాల దగ్గర అది నిలవలేదు. కాబట్టి సైలెన్సర్ మన పేరు మీదికి మార్చమని పెట్టే దరఖాస్తు, ఫారం 4 ఉంది, వేలిముద్రలు ఉన్నాయి, ఫొటో ఉంది, స్థానిక పోలీసు అధికారికి కాపీ పంపాలి, ఆయుధాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ అనుమతి వచ్చేదాకా వస్తువు డీలర్ దగ్గరే ఉండాలి. రిజిస్టర్ కానిది దగ్గర పెట్టుకుంటే 10 ఏళ్ల దాకా జైలు. ఆన్‌లైన్‌లో "క్లీనింగ్ కిట్" అనో "ఫ్యూయల్ ఫిల్టర్" అనో ముప్ఫై నలభై డాలర్లకి అమ్మే గొట్టాలున్నాయే, అవీ రిజిస్టర్ కాని సైలెన్సర్ల కిందికే వస్తాయి, వాటి జోలికి దయచేసి ఎవరూ వెళ్లొద్దు. టెక్సస్ 2021లో ఇక్కడ తయారైన సైలెన్సర్లకి కేంద్ర చట్టం వర్తించదని సొంత చట్టం చేసుకుంది, దాన్ని నమ్ముకుని కాగితాలు లేకుండా కొన్నా కేంద్రం కేసు పెట్టొచ్చు.

మనవాళ్లకి అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. మన ఉద్యోగాలు ఒకచోట ఉండవు. ఇవాళ ఆస్టిన్, వచ్చే ఏడు కాలిఫోర్నియా బే ఏరియా, ఆ తర్వాత న్యూజెర్సీలో ఎడిసన్. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్, మసాచుసెట్స్, డెలావేర్, రోడ్ ఐలాండ్, హవాయి, ఈ 8 రాష్ట్రాల్లో మామూలు పౌరుడి దగ్గర సైలెన్సర్ ఉండకూడదు, టెక్సస్‌లో ఎంత సక్రమంగా కొన్నా సరే. మూవర్స్ వాళ్ల పెట్టెల్లో అది కూడా ఎక్కి వెళ్లిపోతే అక్కడ దిగేసరికి మీరు నేరస్తులు. సిటిజన్‌కి అది కోర్టుతో పోతుందేమో గానీ, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. హెచ్1బీ వాళ్లకి తుపాకీ దగ్గర ఉంచుకోవడమే మామూలుగా నిషేధం, వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ ఎవరో గ్రూపులో చెప్పారని దాని మీద ఆధారపడకుండా లాయర్‌ని అడిగి అడుగు వేయండి.

ఇంట్లో సంగతి కూడా చూసుకోవాలి. సైలెన్సర్ మీ ఒక్కరి పేరు మీద ఉంటే మీరు లేనప్పుడు అది మీ ఆవిడ చేతిలోనో మీ అబ్బాయి చేతిలోనో ఉండకూడదు, సేఫ్ నంబర్ వాళ్లకి తెలిసినా చిక్కే. ఇంట్లోవాళ్లని కూడా బాధ్యులుగా చేర్చి రాయించుకున్న ట్రస్ట్ పేరు మీద కొంటే ఈ బాధ తప్పుతుంది, కాకపోతే అందులో బాధ్యులుగా పేరున్న పెద్దవాళ్లందరూ వేలిముద్రలు, ఫొటో ఇవ్వాల్సిందే. నేను ట్రస్ట్ దారే పడుతున్నాను. వేరే రాష్ట్రానికి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి మాత్రం నా సలహా ఒకటే, కొనొద్దు, మంచి మఫ్స్ కొనుక్కోండి.

పన్ను పోవడం మంచిదే అంటాను, చెవులు కాపాడుకోవడానికి డబ్బున్నవాడికే వీలుండడం అన్యాయం. రిజిస్ట్రేషన్ పోవాలని మాత్రం నేను అనను. పన్నే లేనప్పుడు రిజిస్ట్రేషన్ దేనికని ఇప్పుడు కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి, ఎందుకంటే 1937లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టిందే పన్ను చట్టంగా. కానీ 2019లో వర్జీనియా బీచ్‌లో 12 మందిని చంపినవాడి పిస్తోలుకి సైలెన్సర్ ఉంది. వేలిముద్రలూ విచారణా అయ్యేదాకా ఆగడం నాలాంటివాడికి పెద్ద కష్టమేం కాదు, ఆ అడ్డు ఉండాలి.

మన ఊళ్లలో ఈ ఉత్తరం చదివేవాళ్లకి వేటేంటి, సైలెన్సరేంటి అనిపిస్తుంది, తెలుసు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం, సైలెన్సర్ మన ఆయుధ నిబంధనల్లో నిషేధిత జాబితాలోనే ఉంది. నిజామాబాద్‌లో మా బాబాయి మొక్కజొన్న చేను పక్కన మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టి పందుల్ని తోలతాడు. ఇక్కడ టెక్సస్‌లో రైతులు అవే తిప్పలు పడుతూ మాలాంటివాళ్లని పిలిచి మరీ కాల్చమంటారు. రెండు చోట్లా నష్టం ఒకటే, చట్టాలు వేరు. సెలవుకి ఇండియా వచ్చేటప్పుడు సామానులో అలాంటి ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు.

కాబట్టి నా విన్నపం, ఆ 8 రాష్ట్రాల పేర్లు, గ్రీన్ కార్డు సంగతి, ఫారం 4 ఇంకా ఉందన్న మాట మీ అమెరికా పేజీలో ఒక బాక్స్ కట్టి వేయండి, వీలైతే ఇమిగ్రేషన్ లాయర్ ఒకరితో రాయించండి. ఉద్యోగాల బదిలీలు ఎక్కువయ్యే వేసవి సెలవులకి ముందే వస్తే ఇంకా మంచిది.

- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్