ఆదివారంతో ముగిసే సినిమా, ఆ తర్వాత వచ్చే ఉత్తర్వు: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారి సముఖానికి,

నమస్కారాలు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో, ఒక చిన్న సినిమా హాలును లీజుకు తీసుకుని నడుపుకుంటున్నవాడిని. మహేంద్రతనయ నది దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు హద్దు మాకూ పాతపట్నానికీ మధ్య పడింది గానీ, ఇళ్లలో మాటా, బంధుత్వాలూ, శుక్రవారం నాటి సినిమా కబురూ ఆ హద్దును ఏనాడూ లెక్కపెట్టలేదు. తెలుగు సినిమా ఆడితేనే మా హాలులో దీపం వెలుగుతుంది. ఆ సినిమాను దొంగల బారి నుంచి కాపాడడానికి మీ శాఖ తెచ్చిన చట్టం, మా వంటి వారి గుమ్మం దాకా వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతున్నదో మీకు విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఒక సంక్రాంతికి విడుదలైన పెద్ద సినిమా మా దగ్గర మొదటి రోజు నాలుగు ఆటలూ నిండింది. రెండో రోజు మ్యాట్నీకి టిక్కెట్లు ఇవ్వడం మొదలుపెట్టే వేళకు, హాలుకు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నలుగురు కుర్రవాళ్లు ఒక ఫోను చుట్టూ మూగి కనబడ్డారు. పంచదార డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఆ ఫోనులో, మా తెర మీద ఆడుతున్న సినిమాయే ఆడుతోంది. బొమ్మ కొంచెం వాలుగా ఉంది. కింది అంచున ఎవరివో తలలు నల్లగా కదులుతున్నాయి. హీరో కనబడగానే ఏ ఊరి జనమో వేసిన ఈలలు ఆ ఫోనులోంచి వినిపించాయి. పైన ఒక బెట్టింగ్ యాప్ ప్రకటన మెరుస్తోంది. ఆ నలుగురిలో ఇద్దరు మొదటి రోజు మా దగ్గర టిక్కెట్లు దొరక్క వెనక్కు వెళ్లినవాళ్లే. మూడో రోజు సెకండ్ షోకు 26 టిక్కెట్లు తెగాయి. ఆపరేటరు జీతం, గేటు దగ్గర మనిషి కూలి, హాలు ఊడ్చే ఆమె డబ్బులు, కరెంటు బిల్లు, సినిమాను మా ప్రాంతానికి కొన్న బయ్యరుకు ముందే కట్టిన అడ్వాన్సు, అన్నీ ఆ 26 టిక్కెట్లలోంచే రావాలి.

ఆ సాయంత్రం బయ్యరుకు ఫోను చేశాను. నిర్మాత తరఫువాళ్లు చూసుకుంటున్నారని చెప్పారు. సరిహద్దులోని ఒక పోలీసు స్టేషనుకు వెళ్లాను. సినిమా హక్కులు నావి కావు గనుక హక్కుదారు వచ్చి ఫిర్యాదు ఇవ్వాలని, పైగా ఆ రికార్డింగు ఏ రాష్ట్రంలో జరిగిందో తెలియకుండా కేసు ఎలా కట్టేదని అడిగారు. వారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ రోజు ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. తర్వాత తీరిక చేసుకుని చట్టాలు చదివాను, తెలిసిన వకీలును అడిగాను. అప్పుడు తెలిసింది, జవాబులు చాలావరకు కాగితం మీద ఉన్నాయని.

చట్టం లేదని నేను అనను. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఈ నేరానికి పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చని, ఇది బెయిలుకు వీలులేని నేరమని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాలులో సినిమాను రికార్డు చేయడాన్ని, చేయబోవడాన్ని, చేయడానికి సహకరించడాన్ని కూడా నేరంగా చేర్చారు. కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా మొదలుకొని, మూడేళ్ల జైలు, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం జరిమానా దాకా శిక్ష వేయవచ్చు. ఎక్కడ జరిగిన నేరమైనా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన, నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. దానినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. రెండు రాష్ట్రాల అంచున బతికే మాకు ఇంతకంటే అక్కరకు వచ్చే సెక్షను మరొకటి లేదు.

ఇక మీ శాఖ చేసిన పని దగ్గరకు వస్తాను. పైరసీ వల్ల సినీ పరిశ్రమ ఏటా 20 వేల కోట్ల రూపాయల వరకూ నష్టపోతున్నదని చెబుతూ, 2023 నవంబరు 3న మీ శాఖ ఒక ఏర్పాటు ప్రకటించింది. సెన్సారు బోర్డు ప్రధాన కార్యాలయంలోనూ ప్రాంతీయ కార్యాలయాలలోనూ ఈ ఫిర్యాదులు చూసే నోడల్ అధికారులు ఉంటారని, హక్కుదారు గానీ, ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ, మరెవరైనా గానీ వారికి ఫిర్యాదు చేయవచ్చని, అధికారి ఆదేశం అందిన 48 గంటలలో దొంగ ప్రతి ఉన్న లింకులను ఇంటర్నెట్ వేదికలు తొలగించవలసిందేనని అందులో ఉంది. కోర్టు మెట్లెక్కకుండానే దొంగ ప్రతిని తీయించే దారి అది. మా అదృష్టం కొద్దీ ఆ ప్రాంతీయ కార్యాలయాలలో ఒకటి మా రాష్ట్రంలోనే, కటక్‌లో ఉంది. ఆ ప్రకటన చదివిన రోజు నాకు నిజంగా ఊరట కలిగింది.

అయితే మంత్రి గారూ, ఆ 48 గంటలు ఎప్పటి నుంచి లెక్కకు వస్తాయో ఒకసారి చూడండి. అవి ఫిర్యాదు చేరిన క్షణం నుంచి కావు, ఆదేశం వెలువడిన తర్వాతవి. ఫిర్యాదు చేసినవాడు హక్కుదారు గానీ, ఆయన అధికారమిచ్చినవాడు గానీ కాకపోతే, అది నిజమైనదో కాదో తేల్చడానికి అధికారి విచారణ జరపవచ్చు. ఆ విచారణ ఎన్ని గంటలలో ముగియాలో ఆ ప్రకటనలో లేదు. నిర్మాతతోనో పంపిణీదారుతోనో ఒప్పందం రాసుకుని, డబ్బు ముందే కట్టి, సినిమా ఆడిస్తున్న నావంటివాడు ఆ లెక్కలో ‘మరెవరైనా’ కిందకే వస్తాడు. దొంగ ప్రతి బయటపడిందని అందరికంటే ముందు తెలిసేది మాకే, ఎందుకంటే మా కుర్చీలు ఖాళీ అవుతాయి. ముందు తెలిసినవాడి మాట అన్నిటికంటే ఆలస్యంగా చెల్లుబాటయ్యే పద్ధతి ఇది.

చిన్న ఊరి హాలులో సినిమా ఆయుష్షు ఎంతో లోకానికి తెలియదు. శుక్రవారం ఉదయం మొదలై ఆదివారం సెకండ్ షోతో దాదాపు అయిపోతుంది. సోమవారం నుంచి వచ్చే డబ్బు కరెంటుకు సరిపోతే చాలనుకుంటాం. దొంగ ప్రతి సాధారణంగా బయటపడేది శుక్రవారం రాత్రికి. ఆ తర్వాతి రెండు రోజులూ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు. సంక్రాంతికో దసరాకో వస్తే మరీ కష్టం, పెద్ద సినిమాలన్నీ వచ్చేదీ పండుగలకే, ఆఫీసులకు తాళాలు పడేదీ పండుగలకే. సోమవారం ఫిర్యాదు తెరిచి, మంగళవారం విచారణ పెట్టి, ఆదేశమిచ్చి, ఆపైన 48 గంటలు లెక్కిస్తే గురువారం వస్తుంది. శుక్రవారం మా హాలుకు ఇంకో సినిమా వస్తుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మా ఇళ్లలో అనే సామెత నాకు అప్పుడు గుర్తొస్తుంది. మీరు చేసిన మంచి ఏర్పాటును ఆ సామెత పాలు కానివ్వకండి.

పెద్ద సంస్థలకు వేరే దారి ఉంది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, నిరోధించిన దొంగ సైటు పేరు మార్చుకుని మళ్లీ తలెత్తితే కొత్త దావా వేయకుండానే ఆ కొత్త చిరునామానూ అదే ఉత్తర్వులోకి చేర్చుకునే వీలు కల్పించింది. 2023 ఆగస్టులో అదే కోర్టు ఇంకో అడుగు వేసి, ఇంకా తయారుకాని చిత్రాలకు కూడా అవి పుట్టిన క్షణం నుంచే రక్షణ వర్తించేలా ఉత్తర్వు ఇచ్చింది. ఇవి గొప్ప తీర్పులే. కానీ ఢిల్లీలో వకీలును పెట్టుకోగల నిర్మాతకు అందిన ఈ రక్షణ, అప్పు చేసి చిన్న సినిమా తీసిన నిర్మాతకు అందదు. ఆ చిన్న సినిమాను నమ్ముకుని ఆడించే మాకూ అందదు.

నిరోధం పేరుతో కనబడినదల్లా మూసేయమని నేను అడగడం లేదు. 2012లో ఒక తెలుగు సినిమా, ఒక తమిళ సినిమా కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును పట్టుకుని, ఇంటర్నెట్ సంస్థలు ఏ తప్పూ లేని వీడియో సైట్లను కూడా దేశమంతటా మూసేశాయి. ఆ తర్వాత జూన్‌లో కోర్టే కలగజేసుకుని, దొంగ ప్రతి ఉన్న ఫలానా లింకుకే ఉత్తర్వు వర్తిస్తుందని స్పష్టం చేయవలసి వచ్చింది. మా పిల్లలు పాఠాలు వినేదీ, మా ఊరి కళాకారులు పాటలు పెట్టుకునేదీ అటువంటి సైట్లలోనే. లింకు చూపించి ఫిర్యాదు చేస్తాం, ఆ లింకునే తీయండి.

ఇంకొక సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఒకసారి మా గేటు దగ్గర మనిషి టార్చి వేసుకుని వరసలు చూస్తూ, చొక్కా జేబులోంచి ఫోను కెమెరా బయటకు కనిపించేలా పెట్టుకుని కదలకుండా కూర్చున్న పిల్లవాడిని పట్టుకుని తెచ్చాడు. పదిహేడేళ్లు ఉంటాయి. జేబు చిరిగి ఉంటే లోపల అట్టముక్క పెట్టి ఫోను నిలబెట్టాడు. టెలిగ్రాంలో పరిచయమైన ఎవరో ఒక సినిమాకు ఐదు వందలు ఇస్తానన్నారట. ఆ మనిషి పేరు గానీ ఊరు గానీ వాడికి తెలియదు. తండ్రి కూలి పని మానుకుని పరుగున వచ్చి నా ఎదుట నేల మీద కూర్చుండిపోయాడు. నేను పోలీసులకు అప్పగించలేదు. ఆ రికార్డింగు తుడిపించి, తండ్రీ కొడుకులను ఇంటికి పంపాను. చట్టప్రకారం నేను చేసినది సరికాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అదే రికార్డింగు బయటకు వెళ్లి ఉంటే నష్టం మరోలా ఉండేది. డిజిటల్ ప్రదర్శనలో ప్రతి బొమ్మలోనూ కంటికి కనబడని గుర్తు ఉంటుంది, దొంగ ప్రతి ఏ హాలులో ఏ ఆటకు తీసినదో ఆ గుర్తును బట్టి తెలుస్తుంది. అది మా హాలుకు చూపితే, తర్వాతి సినిమాలను మా ప్రొజెక్టరులో తెరిచే డిజిటల్ కీ రాకుండా ఆగిపోయేది. కీ రాకపోతే మా హాలు గోడౌనే.

అయిదు వందలకు ఆశపడిన పిల్లవాడి వెనుక ఉన్నవాడిని పట్టుకోవడానికి చట్టం ఇప్పుడు ఆయుధాలు ఇచ్చింది. టెలిగ్రాం చాటున కాపీరైటు ఉల్లంఘించినవారి వివరాలు కోర్టుకు ఇవ్వవలసిందేనని 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. దొంగ సైట్లకు తిండి పెడుతున్నవి ఎక్కువగా బెట్టింగ్ ప్రకటనలే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను 2025 ఆగస్టు నాటి చట్టం పూర్తిగా నిషేధించింది, ఆ లావాదేవీలు నడపకూడదని బ్యాంకులకూ చెప్పింది. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఒక పెద్ద తెలుగు పైరసీ సైటు నడిపాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని అరెస్టు చేసిన వార్త మా ఊళ్లో ప్రతి నోటా వినబడింది. అటువంటి దర్యాప్తులు జరగాలి. కానీ దర్యాప్తు నెలల పని, శుక్రవారం సాయంత్రం నాకు కావలసినది గంటల పని.

కాబట్టి నేను అడిగేది ఇంతే. చెల్లుబాటులో ఉన్న ప్రదర్శన ఒప్పందం చూపించిన హాలువాడిని, ఆ సినిమా విషయంలో అధికారమున్న ఫిర్యాదుదారుగానే గుర్తించండి. విచారణ అవసరమైన చోట, ఫిర్యాదు అందిన 24 గంటలలోపు వీడియో ద్వారా ముగించాలని గడువు పెట్టండి, కటక్ మాకు ఒక రాత్రి ప్రయాణం దూరం. శని, ఆదివారాలలోనూ పండుగ రోజులలోనూ ఒక్క అధికారినైనా విధిలో ఉంచండి. తెలుగు సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చినది హైదరాబాదు కార్యాలయం, ఫిర్యాదు చేసేవాడు ఒడిశావాడు అయినప్పుడు ఒకరిపైకి ఒకరు తోసుకోకుండా, ఏ కార్యాలయానికి అందితే ఆ కార్యాలయమే ఆదేశం ఇచ్చేలా రాతపూర్వకంగా చెప్పండి. ఫిర్యాదు తెలుగులోనూ ఒడియాలోనూ తీసుకోండి. సరిహద్దు జిల్లాల స్టేషన్లకు 173వ సెక్షను ఈ నేరానికీ వర్తిస్తుందని తెలియజేయవలసిందిగా రాష్ట్రాలకు ఒక లేఖ రాయండి. వీటిలో దేనికీ పార్లమెంటులో కొత్త బిల్లు అక్కరలేదని నా నమ్మకం.

మా హాలు రోజువారీ కలెక్షను షీట్లు, టీ బడ్డీ దగ్గర తీసిన ఫోను తెర ఫొటోలు, అవి తీసిన తేదీలు, వేళలతో సహా ఒక అట్టపెట్టెలో దాచి ఉంచాను. దొంగ ప్రతి వచ్చిన గంటకూ మా టిక్కెట్లు పడిపోయిన ఆటకూ మధ్య ఎంత తేడా ఉందో అందులో ఎవరైనా చూసుకోవచ్చు. కటక్ కార్యాలయానికి రమ్మన్నా, వీడియోలో చూపించమన్నా, శుక్రవారం తప్ప ఏ రోజైనా సిద్ధంగా ఉంటాను.

భవదీయుడు,
ఒక సినిమా హాలు లీజుదారు,
పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా.