ఎదురింటి మాస్టారి బిల్లు చూశాకే మేం సోలార్ పెట్టించాం

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంటి మీద సోలార్ పెట్టించుకోమని రోజూ యాడ్స్ వస్తూనే ఉన్నాయి కానీ మా వీధిలో ఒక్కరు కూడా యాడ్ చూసి పెట్టించుకోలేదండి. పోయిన వేసవిలో, అప్పటికే సోలార్ పెట్టించుకున్న ఎదురింటి మాస్టారు కరెంటు బిల్లు తెచ్చి మా అరుగు మీద కూర్చుని చూపించారు, రెండు గదుల్లో ఏసీ నడుస్తున్నా మూడొందలు కూడా రాలేదు, మాకేమో అదే నెల 400 యూనిట్లు దాటి 9.75 రూపాయల స్లాబులోకి పోయింది. ఆ రాత్రే మా ఇంట్లో సోలార్ మాట మొదలైంది.

సబ్సిడీ లేకపోతే మేం దిగేవాళ్లం కాదు, కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల ప్యానెళ్లకి 78 వేలు ఇస్తున్నారు, కానీ అది ప్యానెళ్లు బిగించి మీటర్ పెట్టాక గానీ రాదు, ముందు చేతి డబ్బో అప్పో చూసుకోవాలి. డబ్బు ఒక్కటే కాదు, డాబా అంతా పోతే వడియాలు ఎక్కడ ఎండబెట్టాలని అమ్మ, రేపు పైన ఇంకో పోర్షన్ వేస్తే ఎలా అని మా ఆవిడ. మాస్టారే వాళ్లిద్దర్నీ తన డాబా ఎక్కించి 3 కిలోవాట్లకి 300 చదరపు అడుగులు చాలని, కావాలంటే విప్పి పైకి మార్చుకోవచ్చని చూపిస్తే ఒప్పుకున్నారు. ఏ కంపెనీ వాడు చెప్పినా అమ్మ వినేది కాదు.

అయితే ఇలా పక్కవాళ్లని చూసి నిర్ణయించుకోవడం రివర్స్ లో కూడా పనిచేస్తుంది, అందుకే ఈ లెటర్. మాకు రెండ్రోజుల్లో ప్యానెళ్లు బిగించారు గానీ నెట్ మీటర్ కి, అంటే మనం లైన్ కి పంపే కరెంటునీ వాడుకునే కరెంటునీ రెండూ లెక్కపెట్టే మీటర్ కి, మూడు నెలలు తిప్పారు, అంత ఎండ ఊరికే పోయింది, పాత బిల్లే కట్టాం. పైగా బ్యాటరీ లేకపోతే లైన్లో కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుందని మాకు ముందు ఎవరూ చెప్పలేదు, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెట్టారంట, మంచిదే, కానీ చెప్పాలి కదా. ఇవన్నీ చూసి అప్లై చేద్దామనుకున్న ఇద్దరు వెనక్కి తగ్గారు.

నెలకి 75 యూనిట్లు కాల్చేవాళ్లకి, అద్దె ఇళ్లల్లో వాళ్లకి ఇది అక్కర్లేకపోవచ్చు. మిగతావాళ్ల కోసమైనా, ప్యానెళ్లు బిగించాక ఇన్ని రోజుల్లో నెట్ మీటర్ పెట్టాలని గడువు పెట్టి ప్రతి కరెంటు సెక్షన్ ఆఫీసులో బోర్డు మీద రాయించేలా అధికారులకి మీ పేపర్ ద్వారా చెప్పండి. మా వీధిలో ఇంకా ఐదారు ఇళ్లవాళ్లు మా బిల్లు అడిగి చూసి వెళ్తున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి