వార్షిక నివేదిక 2025–26

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకోదగినది విశాఖపట్నంలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి మద్దిలపాలెం వరకు షేర్ ఆటోలు తిరిగే దారిని, అవి నిజంగా ఆగే చోట్లతో సహా, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడం. కెన్యా రాజధాని నైరోబీలో విద్యార్థులు ఫోన్లు పట్టుకుని మటాటూలనే షేర్ వ్యాన్లలో తిరిగి సేకరించిన వివరాలతో 2014లో వెలువడిన పటమే మనకు నమూనా. వేళల పట్టిక లేని బండ్లు కాబట్టి, ఎన్ని నిమిషాలకొకటి బయల్దేరుతుందో మాత్రమే రాసుకున్నాం.

గురుద్వారా సిగ్నల్ దగ్గర మన పిల్లలు స్టాపు గుర్తు పెట్టబోతుంటే, ఆటో నడుపుతున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "అక్కడ ఆపితే చలానా రాస్తారమ్మా, సిగ్నల్ దాటాక మందుల షాపు ముందు పెట్టుకో" అని సరిదిద్ది, సత్యం జంక్షన్ దాకా ప్రతి స్టాపూ తానే చెప్పుకుంటూ వచ్చారు. డ్రైవర్లకున్న ఆ భయం తెలిసే ఒక్క బండి నంబరు కూడా నమోదు చేయలేదు.

2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బండి నిండడానికి ఎక్కువసేపు పడుతోందని డ్రైవర్లు చెప్పడంతో, రాసుకున్న విరామాలన్నీ మళ్లీ కొలవవలసి వచ్చింది. ఆ రెండో విడతకు వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవారిలో సగం మంది కూడా స్టాండుకు రాలేదు. పేర్లు రాయడం లేదు, వారికే తెలుసు.

సమాచార హక్కు చట్టం కింద షేర్ ఆటో మార్గాల వివరాలు అధికారులను అడిగితే, 30 రోజుల గడువు దాటాక "సమాచారం లేదు" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఆటో కాంట్రాక్టు క్యారేజీ, అంటే బండి మొత్తాన్ని మాట్లాడుకుని వెళ్లే వాహనం. దారిపొడవునా మనిషికింత చొప్పున ఎక్కించుకునే అనుమతి బస్సులాంటి స్టేజీ క్యారేజీకే ఉంటుంది కనుక, కాగితం మీద లేని దారికి వారి దగ్గర లెక్క లేకపోవడంలో వింత లేదు. మనం తయారుచేసిన పటాన్ని ఊరికే ఇస్తామన్నా మూడుసార్లు తిప్పి పంపడమే బాధ కలిగించింది.

జమాఖర్చుల పట్టిక జతపరిచాము. కోశాధికారిగారు చదివి వినిపిస్తారు. సొంత డేటా ఖర్చుపెట్టుకున్న కాలేజీ విద్యార్థులకు, ఓపికగా సహకరించిన స్టాండు డ్రైవర్లకు, ఆదివారాలు ఇడ్లీలు పంపిన మహిళా విభాగానికి కృతజ్ఞతలు. గాజువాక వైపు దారి ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు కొత్తరోడ్డు స్టాండు దగ్గర కలవవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి